పక్షం ఎంచుకునే ముందు ఏ పరీక్షో చెప్పండి

(ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఒక పశువైద్యుడు మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి పిల్లలూ. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి, మైకు సరిగా పనిచేయట్లేదు కాబట్టి నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

మీ సైన్స్ మేడమ్ ఫోన్ చేసి, పిల్లలు ప్రాజెక్టు చేస్తున్నారండీ, టాపిక్ "జంతువుల మీద పరీక్షలు: సమర్థిస్తారా, వ్యతిరేకిస్తారా", మీరొచ్చి కాసేపు మాట్లాడాలి అన్నారు. నేను పశువైద్యుణ్ణి. మొదట్లో ఊళ్లలో పశువుల ఆస్పత్రుల్లో పనిచేశాను, ఆ తర్వాత చాలాకాలం మందులు, టీకాలు తయారుచేసే చోట యానిమల్ హౌస్‌లో ఉన్నాను. యానిమల్ హౌస్ అంటే పరీక్షల కోసం ఎలుకల్ని, కుందేళ్లని, గినీ పందుల్ని పెంచే భవనం. వాటికి జబ్బు చేస్తే చూడటం, నొప్పి తగ్గించడం, పరీక్ష అయ్యాక ప్రాణం తీయాల్సి వస్తే అది బాధ లేకుండా జరిగేలా చూడటం, ఇదీ నా ఉద్యోగం. అందుకని ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. దాచుకోకుండా చెబుతాను. మీరు ఒప్పుకోవాలనేం లేదు.

వెనక గోడకు మీరు అంటించిన చార్టులు చూశాను. ఒకదాని మీద కళ్లు ఎర్రబడిన కుందేలు బొమ్మ, కింద "ఆపండి" అని రాశారు. పక్క చార్టులో తెల్లకోటు వేసుకున్న సైంటిస్టు, చేతిలో సిరంజి, కింద "మానవాళి ప్రాణాల కోసం" అని ఉంది. రెండు టీములూ బాగా కష్టపడ్డాయి. అయితే రెండు చార్టుల్లోనూ ఒక విషయం ఎక్కడా లేదు. మీరు మాట్లాడేది ఏ పరీక్ష గురించి?

ఎందుకంటే లిప్‌స్టిక్‌లో వేసే రసాయనాన్ని కుందేలు కంట్లో వేయడం ఒక పరీక్ష. పాము కాటు ఇంజెక్షన్ పనిచేస్తుందో లేదో చిట్టెలుకల మీద చూడటం ఇంకో పరీక్ష. పొలంలో కొట్టే పురుగుమందు ఎంత విషమో తెలుసుకోవడం మరొకటి. ఇంటర్ ల్యాబ్‌లో గుండె ఎక్కడుందో చూడటానికి కప్పను కోయడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వీటన్నిటికీ కలిపి అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పేస్తే మీరు దేన్నీ సరిగా చూడనట్టే. అందుకే ఇవాళ ఒక్కో పరీక్షనీ విడిగా తీసుకుని మాట్లాడదాం.

ముందు ఆ కుందేలు సంగతి. అమెరికాలో జాన్ డ్రేజ్ అనే ఆయన 1944లో ఈ పద్ధతి తీసుకొచ్చాడు, అందుకే దీన్ని డ్రేజ్ టెస్ట్ అంటారు. కుందేలు కింది రెప్పను కొంచెం లాగి, ఆ సందులో రసాయనం వేస్తారు, రెండో కన్ను మామూలుగా వదిలేస్తారు, తర్వాత రోజుల తరబడి ఎంత ఎర్రబడింది, కంటి ముందు పొర ఎంత మసకబారింది అని చూసి మార్కులు వేస్తారు. కుందేలునే ఎందుకు ఎంచుకున్నారంటే దాని కళ్లు పెద్దవి, అది ఎదురు తిరగదు, పైగా దానికి మనలాగా కన్నీళ్లు ఎక్కువ రావు కాబట్టి వేసిన రసాయనం కడుక్కుపోకుండా అక్కడే ఉంటుంది. అంటే ఆ జంతువు సాధుగుణమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఒక షాంపూ కోసం, ఒక కాటుక కోసం ఇది చేయడానికి సరైన కారణం నాకు ఒక్కటీ కనపడదు. షాంపూలు మనకు ఇప్పటికే ఉన్నాయి, కొత్తది రాకపోతే ఎవరి ప్రాణమూ పోదు.

అయితే ఆ చార్టు వేసిన టీముకు ఒక మాట. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014లోనే నిషేధించారు. అదే ఏడాది, బయట దేశాల్లో అలా పరీక్షించిన వాటిని దిగుమతి చేసుకోవడం మీద కూడా నిషేధం వచ్చింది. యూరప్‌లో 2013 నాటికే అమ్మకాలతో సహా పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మపు పొరల మీద పరీక్షిస్తున్నారు, కబేళాలో ఎలాగూ చనిపోయిన పశువుల కళ్ల మీద పరీక్షిస్తున్నారు. కాబట్టి "ఆపండి" అని రాసే బదులు "ఆపారు, ఇలా ఆపారు" అని రాస్తే మీ చార్టుకు బలం వస్తుంది. అడిగేవాళ్లు అడిగితే చట్టం మారుతుంది అనడానికి అది సాక్ష్యం కదా. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అదే రసాయనాన్ని పరిశ్రమల్లోనో పురుగుమందుల్లోనో వాడాలంటే వాటి నిబంధనలు వేరే ఉంటాయి, అక్కడ ఈ నిషేధం పనిచేయదు.

ఇప్పుడు అసలు కష్టమైన దాని దగ్గరికి వద్దాం. పాము కాటు. మీలో ఎంతమంది ఇళ్లలో పొలం పనులకు వెళతారు? దాదాపు అందరూ చేతులెత్తారు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా జరిగిన మరణాలను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, పాము కాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని లెక్క తేల్చింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. చనిపోయేవాళ్లు ఎక్కువగా పల్లెటూళ్లవాళ్లే, అందులోనూ సగం దాకా వానాకాలంలో, నాట్లు, కలుపుతీతల రోజుల్లో.

దీనికి మందు ఎలా వస్తుందో తెలుసా? చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ల సహకార సంఘం ఒకటుంది. తరతరాలుగా పాములు పట్టడం తెలిసినవాళ్లు. వాళ్లు పాముల నుంచి విషం తీసి మళ్లీ వాటిని వదిలేస్తారు. ఆ విషాన్ని మందు తయారుచేసే కంపెనీలు కొని, గుర్రాలకు చాలా కొద్ది కొద్దిగా, నెలల తరబడి, మోతాదు పెంచుతూ ఎక్కిస్తాయి. గుర్రం ఒంట్లో ఆ విషానికి ఎదురు నిలిచే యాంటీబాడీలు తయారవుతాయి. అప్పుడు గుర్రం రక్తం తీసి, అందులోంచి ఆ యాంటీబాడీలను వేరుచేసి శుద్ధి చేస్తే మన ఆస్పత్రిలో ఉండే ఇంజెక్షన్ అవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే మందు.

ఇంతవరకు గుర్రం పాత్ర. చిట్టెలుక ఇక్కడ వస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల చిన్న పింజర విషాన్ని విరిచేయాలి. తయారైన బ్యాచ్‌కు ఆ బలం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు ఎంత విషం ఎక్కిస్తే చిట్టెలుకల్లో సగం చనిపోతాయో కడతారు. తర్వాత విషాన్ని, మందును రకరకాల పాళ్లలో కలిపి చిట్టెలుకలకు ఎక్కించి, నిర్ణీత గంటలు గడిచాక ఎన్ని బతికాయో, ఎన్ని పోయాయో లెక్కపెడతారు.

నేను ఆ పెట్టెల ముందు నిలబడి లెక్క రాసినవాణ్ణి, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక ఒక్క చోట ఉండదు, పొట్టును తవ్వుతుంది, గోడకు కాళ్లు ఆనించి నిలబడి మూతి ఆడిస్తుంది. విషం ఎక్కినది ఒక మూలకు పోతుంది. వీపు గూనిలా వంగిపోతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కళ్లు సగం మూతపడతాయి, పక్కన తిండి పెట్టినా ముట్టదు, ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకలు ఎగిరెగిరి పడతాయి. దానికి బాధ లేదని నాకెవరైనా చెబితే నేను నమ్మను. ఆ బాధ నిజం. ఆ లెక్క కట్టకపోతే బలం లేని బ్యాచ్ ఆస్పత్రికి వెళుతుంది, రాత్రిపూట కాటు వేయించుకుని ఆటోలో ముప్పై కిలోమీటర్లు వచ్చిన మనిషికి నీళ్లలాంటి మందు ఎక్కుతుంది, ఇదీ అంతే నిజం. మీ ప్రాజెక్టులో ఈ రెండో దాన్ని వదిలేసి మొదటిది మాత్రమే రాసినా, మొదటిదాన్ని వదిలేసి రెండోది మాత్రమే రాసినా నేనైతే సగం మార్కులే వేస్తాను.

మరి వేరే దారి లేదా అంటే, వెతుకుతున్నారు. మందులోని యాంటీబాడీలు విషాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటున్నాయో గాజు గొట్టంలోనే కొలిచే పద్ధతులు ఉన్నాయి, కానీ పట్టుకోవడం వేరు, ప్రాణం కాపాడటం వేరు, అందుకే అవి ఇంకా చిట్టెలుక స్థానంలోకి పూర్తిగా రాలేదు. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీ, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థల సైంటిస్టులు గుర్రంతో పని లేకుండా ల్యాబ్‌లోనే తయారుచేసిన ఒక యాంటీబాడీని ప్రకటించారు. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికాలో ఉండే మాంబా లాంటి పాముల్లో ఉండే ఒక రకం విషపదార్థం మీద అది పనిచేస్తుంది. చాలా మంచి వార్త. అది పనిచేస్తుందని ఎలా తెలిసింది? చిట్టెలుకల మీద పరీక్షించే. గుర్రాన్ని తప్పించగలిగారు, చిట్టెలుకను ఇంకా తప్పించలేకపోయారు. ఈ ఒక్క వాక్యం మీ చార్టులో రాయండి.

పాత చరిత్ర కొంచెం చెబుతాను, త్వరగా ముగిస్తాను. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు విన్నారా? భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో పరిశోధనలు నడిపిన మన తెలుగాయన. బోదకాలు జబ్బుకు ఇచ్చే డీఈసీ మాత్ర 1947లో ఆయన బృందం నుంచే వచ్చింది. కోస్తాలో ఒకప్పుడు బోదకాలు లేని వీధి ఉండేది కాదు, మీ తాతయ్యలను అడగండి. ఇప్పుడు ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగిస్తారే, అదే మాత్ర. బోదకాలు తెచ్చే పురుగు మామూలు ల్యాబ్ ఎలుకల్లో బతకదు. అందుకని దానికి దగ్గర బంధువైన ఇంకో పురుగును కాటన్ ర్యాట్ అనే ఒక రకం ఎలుకల్లో పెంచి, వందల రసాయనాల్లో ఏది ఆ పురుగును చంపుతుందో వెతికారు. ఆ ఎలుకలు లేకుండా 1947లో ఆ మాత్ర దొరికేది కాదని నా నమ్మకం.

ఇన్సులిన్ కథ కూడా అంతే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమం తీసేసి వాటికి షుగర్ జబ్బు తెప్పించారు, ఆ తర్వాత వేరే కుక్కల క్లోమం నుంచి తీసిన రసం ఎక్కిస్తే షుగర్ దిగింది. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. మొదటి ఇంజెక్షన్ సరిగా పనిచేయలేదు, రసాన్ని ఇంకా శుభ్రం చేసి ఇచ్చాక కోలుకున్నాడు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఉన్న వైద్యం ఏమిటంటే తిండి తగ్గించి, ఎముకలు తేలేలా చేసి, కొన్ని నెలలు ఎక్కువ బతికించడం. అరవై ఏళ్ల పాటు ఇన్సులిన్ పశువుల, పందుల క్లోమం నుంచే తీశారు. 1982లో బ్యాక్టీరియాతో తయారుచేసిన మనిషి ఇన్సులిన్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది, ఇప్పుడు మన పక్కింటి బామ్మ వేసుకునేది అలాంటిదే. జంతువుతో మొదలైనది జంతువుతోనే ఆగిపోవాల్సిన పని లేదు. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, తర్వాత మళ్లీ దీని గురించే అడుగుతాను.

ఇక్కడ సమర్థించే టీము మొహాలు వెలిగిపోతున్నాయి. ఆగండి.

1937లో అమెరికాలో ఒక కంపెనీ, ఇన్‌ఫెక్షన్లకు వాడే సల్ఫా మందును పిల్లలు తాగేలా సిరప్‌గా చేసింది. దాన్ని కరిగించడానికి డైఎథిలీన్ గ్లైకాల్ వాడారు, అది విషం. అమ్మే ముందు రుచి, వాసన, రంగు చూశారు, విషమా కాదా చూడలేదు. వంద మందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది పిల్లలు. ఆ దెబ్బతో 1938లో అక్కడ చట్టం మారి, మందు అమ్మే ముందు అది సురక్షితమని చూపించాలన్నారు. జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అనే ఆచారం చాలా వరకు ఇలాంటి చావుల నుంచి పుట్టింది, సైంటిస్టుల క్రూరత్వం నుంచి కాదు. ఇది ఒక ఎత్తు.

థాలిడోమైడ్ ఇంకో ఎత్తు. మీ రెండు టీములూ దీన్ని వాడుకున్నాయని మేడమ్ చెప్పారు, ఇద్దరూ సగం సగం వాడుకున్నారు. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది, గర్భిణులకు వేవిళ్లకు కూడా ఇచ్చారు. 1961లో వెనక్కి తీసుకునేసరికి పదివేలకు పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, ఆధారాలు చాలవు, ఇంకా చూపించండి అని ఫైలు ఆపేయడం వల్ల ఆ దేశం చాలావరకు బయటపడింది. సమర్థించేవాళ్లు అనేది: గర్భంతో ఉన్న జంతువుల మీద ముందే పరీక్షించి ఉంటే తెలిసేది. వ్యతిరేకించేవాళ్లు అనేది: జంతు పరీక్షలున్నా ఈ ఘోరం ఆగలేదు. జరిగింది ఏమిటంటే, అమ్మకానికి ముందు గర్భంతో ఉన్న జంతువుల మీద సరిగా చూడనే లేదు. ఘోరం బయటపడ్డాక చూస్తే కుందేళ్లలో, కోతుల్లో అలాంటి లోపాలు కనిపించాయి, ఎలుకల్లో, చిట్టెలుకల్లో మాత్రం అలా కనిపించలేదు. అంటే ముందుగా ఎలుకల మీద మాత్రమే చేసి "పర్లేదు" అనుకుని ఉంటే కూడా ఆ పిల్లలు అలాగే పుట్టేవాళ్లు. ఏ జంతువు, ఎప్పుడు, ఏ ప్రశ్న కోసం అనేవి తెలియకపోతే పరీక్ష చేశామన్న మాటకు విలువ లేదు.

2006లో లండన్‌లో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు టీజీఎన్ 1412 అనే కొత్త మందు ఇచ్చారు. కోతులకు ఏమీ కాని మోతాదులో ఐదు వందలో ఒక వంతు మాత్రమే. కాసేపట్లోనే ఆరుగురికీ ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ తిరగబడి, అవయవాలు దెబ్బతిని ఐసీయూలో పడ్డారు. ప్రాణాలు దక్కాయి, కానీ ఒకతను వేళ్లు పోగొట్టుకున్నాడు. మనిషిలో ఆ మందు వెళ్లి అతుక్కునే కణాల్లో కొన్నింటి తీరు, ఆ కోతుల్లోని కణాల తీరు ఒకటి కాదని తర్వాత తేలింది. మనిషి కణాల మీదే సరైన పద్ధతిలో పరీక్షిస్తే ఆ ప్రమాదం ముందే కనపడేదని కూడా తేలింది. జంతువు "ఓకే" అన్నంత మాత్రాన మనిషికి ఓకే కాదు.

సరే, చట్టం సంగతి. మన దేశంలో 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. దీని వెనక రుక్మిణీ దేవి అరండేల్ పట్టుదల ఉంది, నాట్యానికి ఆమె చేసిన సేవ మీకు తెలిసే ఉంటుంది. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె సొంతంగా బిల్లు పెడితే, ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇచ్చాకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టం ప్రయోగాలను నిషేధించదు. కానీ వీలైన చోటల్లా మానుకోవాలంటుంది, పుస్తకాలు, బొమ్మలు, ఫిల్ములతో నేర్చుకోగలిగితే కాలేజీల్లో జంతువులను కోయవద్దంటుంది, చిన్న జంతువుతో తేలేదానికి పెద్ద జంతువును వాడొద్దంటుంది. చేత్తో కోయడం అలవాటు కావడం కోసమే అయితే అసలు వద్దంటుంది. ఇవన్నీ 1960లోనే రాసి ఉన్నాయి! అయినా మీ అమ్మానాన్నల్లో బైపీసీ చదివినవాళ్లను అడగండి, మైనం పోసిన ట్రేలో కప్పను వెల్లకిలా పెట్టి గుండుసూదులు గుచ్చిన జ్ఞాపకం ప్రతి ఒక్కరికీ ఉంటుంది. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీలో కోతలు మానేయమని చెప్పేదాకా అది సాగింది. చట్టం పుస్తకంలో ఉన్న మంచిమాట ల్యాబ్ బల్ల దాకా రావడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇంకొకటి వినండి, ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ప్రయోగాలను పర్యవేక్షించడానికి ఆ చట్టం కింద ఒక కేంద్ర కమిటీ ఉంటుంది, దాని ఆదేశాన్ని ధిక్కరిస్తే ఆ చట్టంలో రాసిన జరిమానా ఎంతో తెలుసా? రెండు వందల రూపాయల దాకా. మీ ప్రాజెక్టులో "ప్రభుత్వం ఏం చేయాలి" అని ఒక పేజీ ఉంటుంది కదా, అక్కడ ఏవేవో పెద్ద మాటలు రాయడం కంటే ఈ రెండు వందల సంగతి రాయండి.

పరీక్ష చేయాలంటే ఇప్పుడు ఎవరైనా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. సంస్థలోని సైంటిస్టులు, ఒక పశువైద్యుడు, బయటి సైంటిస్టు, సైన్స్‌తో సంబంధం లేని ఒక సామాజిక సభ్యుడు, కేంద్ర కమిటీ పంపిన మనిషి, వీళ్లంతా కూర్చుంటారు. ఆ కేంద్ర కమిటీని మొన్నమొన్నటిదాకా సీపీసీఎస్ఈఏ అనేవాళ్లు, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు. ఫారం-బి అని ఒకటి నింపాలి. ఎన్ని జంతువులు కావాలి, అన్నే ఎందుకు, తక్కువతో ఎందుకు కాదు, వేరే పద్ధతి వెతికారా, నొప్పికి ఏం మందు ఇస్తారు, ఎప్పుడు ఆపేస్తారు, ఆఖర్న ఆ జంతువులను ఏం చేస్తారు. నేను కూర్చున్న మీటింగుల్లో చాలాసార్లు మంచి ప్రశ్న ఆ సైన్స్ తెలియని సభ్యుడి నుంచే వచ్చింది. "ఇదే పరీక్ష పోయినేడు చేశారు కదా, మళ్లీ ఎందుకు?" అని సాదాసీదాగా అడిగితే అప్పటిదాకా గ్రాఫులు చూపించినాయన నీళ్లు నమిలేవాడు. కొన్ని కమిటీల్లో మాత్రం ఆ కుర్చీలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టి సంతకం తీసుకుంటారు. అది తప్పు, గట్టిగా చెప్పాల్సిన తప్పు.

ఈ ప్రశ్నలకు మూలం 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాలు. వీలైతే జంతువు లేకుండా చేయి, కాకపోతే తక్కువ జంతువులతో చేయి, చేసేదాంట్లో బాధ తగ్గించు. మన దేశం నాలుగోది చేర్చింది: పని అయ్యాక ఆ జంతువు మిగతా జీవితానికి బాధ్యత నీదే. అందుకే పరీక్షలకు వాడిన బీగిల్ కుక్కలు కొన్ని ఇప్పుడు ఇళ్లలో పెరుగుతున్నాయి. పుట్టినప్పటినుంచీ గట్టి నేల మీదే ఉన్న కుక్క మొదటిసారి గడ్డి మీద కాలు పెట్టడానికి భయపడి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నిలబడిపోతుంది. నేను చూశాను.

కోతుల గురించి ఒక్క నిమిషం. ఒకప్పుడు పోలియో టీకా పనులకు మన దేశం నుంచి రీసస్ కోతులను పెద్ద ఎత్తున అమెరికాకు పంపేవాళ్లు. వైద్యానికి మాత్రమే వాడాలన్న ఒప్పందాన్ని దాటి రేడియేషన్ ప్రయోగాలకు వాడారన్న వార్తలతో గొడవై, 1978లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. కోవిడ్ సమయంలో కోవాగ్జిన్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఇరవై రీసస్ కోతుల మీద పరీక్షించారు. మీరంతా, మీ ఇంట్లోవాళ్లంతా టీకా వేయించుకునే ఉంటారు. ఏ టీకా అయినా సరే, ఏదో ఒక జంతువు మన కంటే ముందు వేయించుకుంది.

ఇప్పుడు మారుతున్నది చెబుతాను. 1938 నుంచి ఉన్న తప్పనిసరి నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో సడలించింది, జంతువు లేని పద్ధతులతో కూడా కొత్త మందు భద్రత చూపించవచ్చంది. మన దేశం 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి అలాంటి దారే తెరిచింది. ఇంజెక్షన్లలో జ్వరం తెప్పించే మలినాలున్నాయేమో చూడటానికి కుందేళ్లకు ఎక్కించి వాటి ఒంటి వేడి కొలిచేవాళ్లం, 2018 నాటి భారత ఔషధ ప్రమాణాల్లో ఆ పరీక్ష స్థానంలో ల్యాబ్ పరీక్ష పెట్టారు. నేను కుందేళ్లను ఆ పెట్టెల్లో మెడ బయటికి ఉంచి గంటలకొద్దీ కూర్చోబెట్టడం చూసినవాణ్ణి, ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పెన్‌డ్రైవ్ అంత ముక్కలో మనిషి ఊపిరితిత్తి కణాలను పెంచి, గాలి, రక్తం ప్రవహించేలా చేసి దాని మీద మందును చూసే చిప్పులు కూడా వచ్చాయి. మన హైదరాబాద్‌లోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన ఇంక్యుబేషన్ సెంటర్‌లో ఇలాంటి పద్ధతుల కోసం ఒక కేంద్రం నడుస్తోంది. అదే ఊరి శివార్లలో, జీనోమ్ వ్యాలీలో, పరిశోధనలకు జంతువులను పెంచే ఐసీఎంఆర్ జాతీయ కేంద్రం కూడా ఉంది. రెండూ కావాలా అంటే, ఈ రోజుకి కావాలి. చిప్పుకు కడుపు రాదు, ముసలితనం రాదు, కాలేయంలో మారిన మందు మెదడుకు పోయి ఏం చేస్తుందో ఒక్క అవయవం చిప్పు చెప్పలేదు.

నా వైఖరి అడిగారు కాబట్టి చెబుతాను. సౌందర్య సాధనాలకు, చదువు కోసం కోతలకు, ఒకసారి తేలిపోయినదాన్ని మళ్లీ చేయడానికి జంతువును వాడటం తప్పు. పాము కాటు మందు లాంటి చోట ఈ రోజు చిట్టెలుక పరీక్ష ఆపమని నేను అడగను. అయితే ఏ సంస్థ ఆ పరీక్ష చేస్తుందో ఆ సంస్థే దాన్ని మాన్పించే పద్ధతి కోసం ఏటా ఏం ఖర్చుపెట్టిందో, ఏం చేసిందో బయటపెట్టాలి. అరవై ఏళ్ల తర్వాత ఇన్సులిన్ పశువును వదిలేసింది, మీ మందు ఎప్పుడు వదిలేస్తుంది అని అడిగే హక్కు మనకుంది. "తప్పదు" అనే మాటను నేను ఈ ఏటికి ఒప్పుకుంటాను, వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను.

మీరు ఇంకోలా అనుకోవచ్చు. చిట్టెలుక బాధకు ఏ లాభమూ సమాధానం కాదని మీరు నిజంగా నమ్మితే అలాగే రాయండి, కానీ పాము కాటు వార్డు ముందు నిలబడి కూడా ఆ మాట అనగలరో లేదో చూసుకుని రాయండి. సమర్థించేవాళ్లు కూడా, మూలకు నక్కిన ఆ చిట్టెలుకను చూస్తూ రాయండి. మీ అభిప్రాయం ఏం తెలిస్తే మారుతుందో కూడా ఒక వాక్యం చేర్చండి. ఇక ప్రశ్నలు అడగండి.

*ఒక విద్యార్థి: సార్, చికెన్ తింటూ ఎలుకల మీద పరీక్షలు వద్దనొచ్చా?*

అనొచ్చమ్మా. ఒక చోట తప్పు చేసేవాడు ఇంకో చోట నోరు మూసుకోవాలంటే లోకంలో ఎవరూ మాట్లాడలేరు. కాకపోతే ఈ ప్రశ్న సైన్స్ ఫెయిర్‌లో జడ్జి తప్పకుండా అడుగుతారు. అప్పుడు కోపం తెచ్చుకోకుండా, కోళ్లఫారాల్లో బాధ గురించి కూడా నేను ఆలోచిస్తున్నాను, కానీ ఈ ప్రాజెక్టు దీని గురించి అని చెప్పు.

*ఇంకో విద్యార్థి: సార్, ఘోరమైన నేరాలు చేసి జైల్లో ఉన్నవాళ్ల మీద పరీక్షించొచ్చు కదా? జంతువులు ఏ పాపం చేశాయి?*

ఈ ప్రశ్న ప్రతి బడిలోనూ వస్తుంది. వద్దు నాన్నా. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ డాక్టర్లు సరిగ్గా అదే చేశారు, బందీల మీద ప్రయోగాలు చేశారు. వాళ్ల మీద విచారణ జరిగాక 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. దాని మొదటి నియమం, మనిషి తనంతట తాను, ఏ బలవంతమూ లేకుండా ఒప్పుకోవాలి. జైల్లో ఉన్నవాడు "వద్దు" అనగలడా? అనలేడు కాబట్టి వాడి "సరే"కు విలువ లేదు. అదే నియమావళిలో మూడోది ఏమంటుందో చూడు: మనిషి మీద ప్రయోగం జంతువుల మీద చేసిన ప్రయోగాల ఫలితాల ఆధారంగా ఉండాలి. మనిషిని కాపాడటానికి రాసుకున్న నియమంలోనే జంతువు బాధ్యత మోస్తోంది. జంతువు "సరే" అనలేదు, "వద్దు" కూడా అనలేదు, అందుకే దాని తరఫున అడిగేవాళ్లు కావాలి అంటున్నాను.

*ఒక విద్యార్థిని: సార్, ఆ ఫారం-బి మాకు దొరుకుతుందా?*

దొరుకుతుందమ్మా, కేంద్ర కమిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, నేను మేడమ్‌కు పంపిస్తాను. ఇంగ్లీషులో ఉంటుంది, కష్టమైన చోట అడగండి. టీముకు ఒక పరీక్ష తీసుకోండి, పాము కాటు మందు కావచ్చు, పురుగుమందు కావచ్చు, టీకా కావచ్చు, మీరే సైంటిస్టులైనట్టు ఆ ఫారం నింపండి. తర్వాత రెండో టీము ఎథిక్స్ కమిటీగా కూర్చుని అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చాలి, ఎందుకో రాయాలి. "వేరే పద్ధతి వెతికారా" అన్న గడిలో "లేదు" అని ఒక్క మాట రాస్తే వెనక్కి తిప్పి పంపేయండి. ఎక్కడ వెతికారో రాయమనండి.